సిరాగీత, నల్లటేపు, రేపల్లె బాయిలరు గంట

ఇటీవల ఇద్దరు యువకులు మా వసారాలో కూర్చుండి చాలాసేపు వాదులాడుకున్నారు. ఇద్దరూ సర్క్యూట్ బోర్డులు రూపొందించే ఉద్యోగాలలో ఉన్నవారే. కంప్యూటరు తెరమీద బోర్డు గీయడానికి ఒకడు వాడే సాఫ్ట్‌వేరు మేలా, రెండవవాడిది మేలా అన్నది వివాదం. ఒకదానిలో గీతలు తమ దారిని తామే వెదకుకొంటాయట. మరొకదానిలో రెండు గీతలు హద్దు మీరి దగ్గరయితే యంత్రమే ఎర్రరంగు చూపి హెచ్చరిస్తుందట. కొంతసేపటికి వారు నావైపు తిరిగి, "మీ రోజుల్లో ఈ గొడవ లేదు కదండీ తాతగారూ, చేత్తో గీసేసేవాళ్ళు" అన్నారు.

గొడవ లేకపోవడమేమి? మాకూ రెండు పనిముట్లు ఉండేవి. మేమూ వాటిని ఎదురెదురుగా నిలిపి పోల్చాము. ఏది మేలో తేల్చామనే అనుకున్నాము. ఆ తీర్పు ఏమి తెచ్చిపెట్టిందో చూడడానికి తెనాలి నుండి రేపల్లెకు రైలెక్కిన ఉదయం నాకు కలిగిన భయం, ఆ తరువాతి జీవితంలో ఏ వ్యాధిలోనూ ఏ వియోగంలోనూ కలుగలేదు. ఈ వృత్తిలోనికి కొత్తగా వస్తున్నవారు దానిని తెలిసికొని ఉండడం మంచిదని వ్రాస్తున్నాను.

అది డెబ్బయ్యవ దశకపు నడిమికాలం. నేను సంస్కృతాంధ్రాలు చదివినవాణ్ణి. వ్యాకరణమూ అలంకారశాస్త్రమూ వల్లెవేసి, పండితోద్యోగానికై ఎదురుచూసి, అది రాక, తెనాలిలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పనిశాలలో చేరాను. యజమాని నన్ను తీసికొన్నది విద్య చూసి కాదు, చేతివ్రాత చూసి. ఆయన రేడియోలు బాగుచేస్తూ పైకి వచ్చినవాడు. "సర్క్యూటు సంగతి నేను చూసుకుంటానండి. గీత మీరు గియ్యండి పంతులుగారూ. మీ చేతికి వణుకు లేదు, అదే నాక్కావాలి" అన్నాడు. ఆ వణుకు లేని చేతిమీదనే నా సంసారం కొన్నేళ్ళు నడిచింది.

తెలియనివారి కొరకు ఒక్క మాట. బోర్డు అంటే ఒకవైపు పలుచని రాగిరేకు అంటించిన పలక. మనం గీత గీసినచోట రాగి నిలుస్తుంది, తక్కినదంతా మందునీళ్ళలో కరిగిపోతుంది. మిగిలిన రాగిగీతలే తీగలై కరెంటును మోస్తాయి. నేను దళసరి తెల్లకాగితం మీద రెట్టింపు పరిమాణంలో, రూలింగు పెన్నుతో, నల్లసిరాతో ఆ గీతలు గీసేవాణ్ణి. మా వీధిలోని ఫోటో స్టూడియో వారు దానిని సగానికి తగ్గించి ఫిల్ము తీసి ఇచ్చేవారు. సిరాకు ఒక దుర్గుణం ఉన్నది. రెండు గీతలను బాగా దగ్గరగా గీస్తే, గాలిలో తేమ ఎక్కువైన దినాలలో ఒకటి రెండవదానిలోనికి పాకుతుంది. అందుచేత నేను గీతకూ గీతకూ నడుమ ధారాళంగా చోటు విడిచేవాణ్ణి. తప్పు పడితే జేబులోని బ్లేడుతో గీకి మళ్ళీ గీయడమే.

రెండవ పనిముట్టును తెచ్చినవాడు బాపట్ల నుండి రోజూ రైలులో వచ్చే మా సహోద్యోగి. డిప్లొమా చదివినవాడు, నాకంటె పదేళ్ళు చిన్న, మాటకారి. మద్రాసులో ఎక్కడో చూసివచ్చి, నల్లని సన్నటి టేపు చుట్టలూ, అంటించే గుండ్రని బిళ్ళలూ తెప్పించాడు. పారదర్శకమైన ఫిల్ము మీద, కింద దీపం పెట్టుకొని, గీయవలసిన గీతను టేపుతో అంటిస్తూ పోవడమే. తప్పయితే ఊడబెరికి మళ్ళీ అంటించవచ్చు. సిరా పాకుతుందన్న బెంగ లేదు గనుక గీతలను వెంట్రుకవాసి ఎడంతో నడిపించవచ్చు. బోర్డు సగానికి సగం చిన్నదవుతుంది.

"పంతులుగారూ, మీరు ఒక మూల తిప్పేలోపు నేను బాపట్ల వెళ్ళి భోంచేసి వస్తానండి" అనేవాడు.

"నీ టేపు ఎండకు జారుతుందోయ్. ఏప్రిల్‌లో నీ గీత ఏ ఊళ్ళో ఉంటుందో చూద్దాం" అనేవాణ్ణి.

"జారితే మళ్ళీ అంటిస్తానండి. మీరైతే మళ్ళీ పుట్టాలి."

యజమాని నవ్వేవాడు గాని ఆయనకు నిర్ణయం కావలసి ఉండెను. ఒకే సర్క్యూటును ఇద్దరినీ గీయమన్నాడు. కాలం, శుభ్రత, దిద్దుబాటు, రాగిపలక ఖర్చు, పదిసార్లు తీసినా ఒకే తీరుగా వచ్చుట, ఇట్లా ఒక్కొక్క గుణాన్నీ ఎంచి చూశాము. నేను పట్టుపట్టి ఆ టేపు ఫిల్మును పెంకుటింటి అటకమీద ఎండాకాలమంతా దాచి, జారిందా అని కొలిచాను. జారలేదు. భయపడవలసినది ఒకటుండగా నేను మరొకదానికి భయపడ్డానని అప్పుడు తెలియదు. టేపు గెలిచింది. నేను ఒప్పుకున్నాను, మనస్ఫూర్తిగానే.

మేము పోల్చడానికి తీసికొన్న సర్క్యూటు రేపల్లెలోని ఒక బియ్యపు మిల్లుది. ఉప్పుడు బియ్యానికి ధాన్యం ఉడికించే బాయిలరు అక్కడ ఉండేది. ఊక మంటతో నడిచేది. బాయిలరులో నీరు ఒక మట్టానికి దిగువకు పోయి, కింద మంట ఆగకపోతే, ఇనుపరేకు ఎర్రగా కాగి మొత్తం పేలిపోవచ్చు. ఎక్కడో అటువంటిది జరిగిందని విని, మిల్లు యజమాని మాచేత ఒక హెచ్చరిక గంట చేయించుకున్నాడు. దాని పని చాలా సులభం. దిగరాని మట్టం వరకు బాయిలరులోనికి ఒక కడ్డీ దింపుతాము. నీరు ఆ కడ్డీని తాకుతున్నంతవరకు అతిస్వల్పమైన కరెంటు కడ్డీ నుండి నీటి ద్వారా బాయిలరు ఒంటికి పోతుంది. అదే బోర్డుకు నీరున్నదన్న వార్త. నీరు దిగిపోతే వార్త ఆగుతుంది, గంట మోగుతుంది.

మొదటి ఏడాది అక్కడ పనిచేసినది నేను వెళ్ళి బిగించిన నా సిరాగీతల బోర్డు. టేపు గెలిచింది గనుక, మరుసటి దసరా ముందు, మా సహోద్యోగి స్వయంగా వెళ్ళి దానిని విప్పి, తన టేపుబోర్డును బిగించాడు. నీళ్ళు దింపి గంట మోగించి చూపాడు, నీళ్ళు నింపి ఆపి చూపాడు. మిల్లువారు సంతోషించి, పండుగకు ఉండిపొమ్మన్నారు. ఉండిపోయాడు.

విజయదశమి మరునాటి ఉదయం అతడు పనిశాలకు తిన్నగా రేపల్లె రైలు దిగి వచ్చాడు. చేతిలో పులిహోర పొట్లం. యజమానీ నేనూ బల్ల దగ్గర ఉన్నాము.

"మన బోర్డుకు జరిగిన మర్యాద నాకు పెళ్ళిలో కూడా జరగలేదండి" అన్నాడు. "మిల్లు యజమాని తల్లిగారు, పెద్దమ్మగారు, ఆయుధపూజ స్వయంగా చేశారు. ఇంజనుకి బొట్టు, ఆడే చక్రాలకి బొట్టు, బాయిలరుకి బొట్టు. మన పెట్టె దగ్గరికొచ్చి ఆగిపోయారు. ఇది రేకుడబ్బా కదా నాయనా, అసలు పనిచేసేది లోపలేగా, తలుపు తియ్యి అన్నారండి."

"తీశావా?" అన్నాను.

"తీయనా మరి? బ్రహ్మాండంగా పసుపు రాసి, కుంకం పెట్టారు."

"ఎక్కడ?"

"బోర్డు మీదేనండి. నట్టనడుమ."

నేను లేచి నిలుచున్నాను. మరమ్మతుకు వీలుగా ఉండాలని ఆ పెట్టెలో బోర్డును రాగిగీతలు బయటికి కనిపించేటట్లు బిగిస్తాము. పైన వార్నిషు కూడ పూసేవాళ్ళం కాదు, అదీ మరమ్మతు కోసమే. బోర్డు నట్టనడుమ నడిచేవి రెండు గీతలు. ఒకటి కడ్డీ నుండి వచ్చేది, రెండవది బాయిలరు ఒంటికి పోయేది. ఆ రెండింటి మధ్య కరెంటు పారితే బోర్డు నీరున్నదనుకొంటుంది. పారేది నీటిలోనా, తడిపసుపులోనా అన్న వివేకం దానికి లేదు. సున్నం కలిసిన కుంకుమ, ఆవిరిగదిలో తేమ పీల్చుకొంటూ ఎన్నాళ్ళయినా ఆరదు. బాయిలరులో నీరంతా ఇంకిపోయినా ఇక ఆ గంట మోగదు.

మా సహోద్యోగి ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. నేను రెండు వ్రేళ్ళు దగ్గరగా పెట్టి చూపాను. అతడు ఆ వ్రేళ్ళ నడుమ సందును చూశాడు. పొట్లం బల్లమీద పెట్టేశాడు.

"ఇవాళ ఏకాదశండి" అన్నాడు నెమ్మదిగా. "మంచిరోజని బాయిలరు వెలిగిస్తామన్నారు."

యజమాని టెలిఫోనుకు పరుగెత్తాడు. రేపల్లెకు లైను దొరకడం లేదని ఎక్స్ఛేంజివారు అన్నారు. ఆయన రిసీవరు చేతిలో పట్టుకొనే, "మీరిద్దరూ రైలెక్కండి. నేను ఇక్కడ ప్రయత్నిస్తూనే ఉంటాను. పంతులుగారూ, పెట్టెలో మెయిన్ కరెంటుంది, చెయ్యి జాగర్త" అన్నాడు. ఆయన స్వరం అట్లా ఉండగా నేనెన్నడూ వినలేదు.

భయానకరసానికి కంపము, స్వేదము, వైవర్ణ్యము లక్షణాలని నేను ఒకప్పుడు కంఠస్థం చేసినవాణ్ణి. వాటికి తోడు శాస్త్రకారులు వ్రాయని ఒక లక్షణం ఉన్నదని ఆ రైలులో తెలిసింది. చెవులు పెద్దవవుతాయి. రేపల్లె ఇంకా ఎంతో దూరాన ఉండగానే నేను ఒక శబ్దం కోసం వింటున్నాను, అది వినబడకూడదని కోరుకొంటూ. ఇంజను కూత వేస్తే ఉలికిపడ్డాను. వేమూరులో ఎవరో తలుపు దబాలున వేస్తే నా సహోద్యోగి నా చేయి పట్టుకొన్నాడు.

"ఊక వేసే ఫైర్‌మన్ ఉన్నాడు కదండీ" అన్నాడు. "బాయిలరుకున్న గాజుగొట్టంలో నీళ్ళు చూసుకుంటాడు కదా."

"ఆ గాజుగొట్టం నువ్వు చూశావా?"

"చూశానండి. కాలవనీళ్ళ మడ్డి పట్టి టీనీళ్ళలాగుంది. లోపలేముందో కనపడదు."

"పరీక్ష కుళాయి?"

బాయిలరు ఒంటికి నీటిమట్టం దగ్గర ఒక చిన్న కుళాయి ఉంటుంది. విప్పితే నీళ్ళు వస్తున్నాయా, వట్టి ఆవిరి వస్తున్నదా తెలిసిపోతుంది. ఆ ఫైర్‌మన్ పూర్వం గంటగంటకూ దానిని విప్పి వినేవాడు. మేము గంట పెట్టిన తరువాత మిల్లు యజమాని, ఆవిరి వృథా ఎందుకు, గంట ఉన్నది కదా అన్నాడట. ఫైర్‌మన్ మానుకున్నాడు. ఈ సంగతి నా సహోద్యోగి కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

భట్టిప్రోలులో రైలు ఎంతకూ కదలలేదు. ఎదురుగా ఏదో బండి రావాలన్నారు. ప్లాటుఫారం మీద జనం పండుగ బట్టలలో, పిల్లల చేతులలో బూరలతో, నింపాదిగా ఉన్నారు. వారిని చూస్తే కోపం వచ్చింది. తలుపు తీసినది తానేనని నా సహోద్యోగి పదేపదే అంటున్నాడు. "ఆవిడ అడిగారండి, పెద్దావిడ. పూజ వద్దని ఎట్లా అంటాను? మీరైతే అనేవారా?" నేను ఆలోచించి, అననని చెప్పాను. అది వానికి ఓదార్పు కాలేదు, నాకూ కాలేదు.

పల్లికోన దాటిన తరువాత పొలాలమీదుగా మిల్లు పొగగొట్టం కనిపించింది. నిలిచే ఉన్నది. ప్రాణం లేచివచ్చింది. మరుక్షణమే దానినుండి పొగ వస్తున్నదని గమనించాను. అంటే నిప్పు వేశారు. అప్పటినుండి మిల్లు చేరేవరకు ఆ పొగను చూడకుండా ఉండలేకపోయాను, చూడనూలేకపోయాను.

మిల్లు వెనుక సిమెంటు కళ్ళం మీద ఆడవారు ఉడికిన ధాన్యాన్ని కాళ్ళతో తిరగదోస్తున్నారు. మబ్బుపట్టి ఉన్నది. వాన వచ్చేలోగా ఆరాలని తొందర. కళ్ళానికి ఒక హద్దు బాయిలరు గది గోడే. ఆ గోడ వెచ్చగా ఉంటుందని దానిని ఆనుకొని కొందరు కూర్చొని చద్ది తింటున్నారు. వారిలో ఫైర్‌మన్ భార్య ఉన్నది. మా సహోద్యోగి మిల్లు యజమానిని వెదకుతూ ఆఫీసు వైపు పరుగెత్తాడు. నేను కళ్ళం దగ్గర నిలిచి, "అమ్మా, అందరూ రోడ్డుమీదికి వెళ్ళండి. వెంటనే వెళ్ళండి" అన్నాను.

వారు నన్ను వింతగా చూశారు.

"ఏంటండీ పంతులుగారూ, వానేమన్నా వస్తందా?" అన్నది ఒక ముసలామె.

"బాయిలరుకు ప్రమాదం."

ఫైర్‌మన్ భార్య నవ్వింది. "గంట మోగలేదు కదండీ. మోగితే పరిగెత్తాలని మాకు మీరేగా చెప్పిచ్చారు. అది మోగందే ఈ వడ్లొదిలి పోతే మేస్త్రీ ఊరుకుంటాడా?"

ఆమె చెప్పినది అక్షరాలా నిజం. మేమే నేర్పాము. గంట మోగితే పారిపొండి, మోగకపోతే భయం లేదు. ఒక ఏడాదిపాటు ఆ మాటను వారు నమ్మి, నిప్పుగోడకు వీపు ఆనించి అన్నం తింటున్నారు. నా మాటకంటె ఆ మౌనం మీద వారికి గురి ఎక్కువ. ఇక వారిని కదిలించగలిగినది ఒక్కటే, అది గోడకు అవతల ఉన్నది.

బాయిలరు గదిలోనికి ప్రవేశించవలసిన ఆ గుమ్మం దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. లోపల చీకటి, ఊకమంట ఎర్రని వెలుగు, ఎక్కడో సన్నగా ఆవిరి చీదుతున్న చప్పుడు. ఫైర్‌మన్ పారతో ఊక ఎగదోస్తున్నాడు. నడివయసువాడు, చామనఛాయ, భుజాన తడిగుడ్డ.

"రండి పంతులుగారూ. పండగ బాగా చేసుకున్నారా?"

"నీళ్ళెంతవరకున్నాయి?"

"గంట మోగలేదు కదండి. ఉంటయ్."

"ఆ కుళాయి విప్పు."

నా ముఖంలో ఏమి చూశాడో, పార ఆపి కుళాయి దగ్గరకు పోయాడు. తిప్పాడు. రాలేదు. రెండు చేతులతో పట్టి తిప్పాడు. వాడకం లేక మడ్డి పట్టి బిగుసుకుపోయింది. నీరూ రాలేదు, ఆవిరీ రాలేదు. గాజుగొట్టం వంక చూశాము. గోధుమరంగు తప్ప మరేమీ లేదు. ఆ ఇనుప గుండ్రపు కడుపులో ఏమున్నదో తెలిసికొనే మార్గాలన్నీ ఒకదాని వెనుక ఒకటి మూసికొనిపోయాయి.

పెట్టె బాయిలరుకు ఎదుటి గోడమీద, ఊక వేసే నిప్పు మూతికి దగ్గరగా ఉన్నది. తలుపు తీశాను. పసుపు నిగనిగలాడుతూ, దాని నడుమ కుంకుమ ఆవిరితేమకు ఉబ్బి, ఎవరో ఎంతో భక్తితో దిద్దినట్లు గుండ్రంగా ఉన్నది. దాని కింద రెండు రాగిగీతలు ఎక్కడివరకు వేరో కనిపించలేదు. తుడిస్తే మరింత పులుముకొంటుంది. జేబులో బ్లేడు తీశాను. ఆ గీతలలో అంత కరెంటు లేదు గాని, పక్కనే గంటకు పోయే మెయిన్ తీగలున్నాయి. వణుకు లేదని చూసి యజమాని నన్ను కొలువులో పెట్టుకొన్న ఆ చేయి ఆకులా వణికింది. ఎడమచేతితో కుడిమణికట్టు పట్టుకొని, బ్లేడు మొనను రెండు గీతల నడుమ ఆనించి గీకాను. ఎర్రటి ముద్ద కొద్దిగా లేచింది. ఏమీ కాలేదు. మళ్ళీ గీకాను. పంచెకొంగుతో మొన తుడిచి, ఈసారి పైనుండి కిందికి ఒక్క ఊపున గీశాను.

గంట మోగింది.

నా చెవి పక్కనే మోగింది. అది పనిచేసిందన్న సంతోషం ఒక్క రెప్పపాటు కలిగి, వెంటనే దాని అర్థం తట్టింది. పసుపు తొలగగానే మోగిందంటే నీరు కడ్డీని తాకడం లేదు. ఎప్పటినుండి తాకడం లేదో ఎవరికీ తెలియదు.

గోడ అవతల కేకలు, గిన్నెలు పడిన చప్పుడు, పరుగెత్తే కాళ్ళు. ఆడవారు గంటను నమ్మారు. ఫైర్‌మన్ ఒక్కసారి గుమ్మం వైపు చూశాడు. తాను కూడ పోవచ్చు. పోలేదు. నిప్పు లాగే పొడుగాటి ఇనుప గోరు అందుకొని నిప్పు మూతి తెరిచాడు.

"నీళ్ళ జోలికి పోకండి ఇప్పుడు, కాగిన రేకుకి చన్నీళ్ళు తగిల్తే పేలుద్ది. ముందు నిప్పు లాగాలి. మీరు పొండి పంతులుగారూ."

"నువ్వు?"

"నేను లాగకపోతే ఎవురు లాగుతారండి?"

అప్పటికి మా సహోద్యోగి వచ్చాడు. గుమ్మంలో నిలిచి గంట విని, నన్ను చూసి, రెండవ గోరు తీసికొన్నాడు. ఇద్దరూ మండుతున్న ఊకను గుట్టలుగా నేలమీదికి లాగుతున్నారు. నేను తొట్టిలోని నీళ్ళు చేదతో ఆ గుట్టలమీద, నేలమీద మాత్రమే, పోస్తున్నాను. బాయిలరు మా తలల పైన టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తున్నది. చల్లారే ఇనుము అట్లా చప్పుడు చేస్తుందని ఫైర్‌మన్ తరువాత చెప్పాడు. అప్పుడు చెప్పలేదు. ఒక్కొక్క టిక్కుకూ పేలేది ఇదే అనుకొన్నాను. నిప్పు మూతి నల్లబడేవరకు, ఆవిరి ఒత్తిడి తగ్గేవరకు, లాగుతూనే, పోస్తూనే ఉన్నాము. గంటను ఆపడం ఎవరికీ తోచలేదు.

బాయిలరు పేలలేదు. చల్లారిన పిమ్మట మేస్త్రీలు వచ్చి లోపల చూసి, రేకు రంగు మారింది గాని కుంగలేదన్నారు. గాజుగొట్టం మార్చారు, కుళాయి విప్పి శుభ్రం చేశారు. అదృష్టవంతులన్నారు. ఆ మాట నాకు ఊరట కలిగించలేదు. అదృష్టం ఎంత వెడల్పు ఉంటుందో నేను ఆ రోజే కళ్ళారా చూశాను.

ఎట్లాగంటే, టేపుబోర్డును విప్పి, ఆఫీసు అలమరలో పెట్టిన నా పాతబోర్డును బయటికి తీయించాము. దానిని వెలుతురులో పట్టి చూసిన నా సహోద్యోగి, "గురువుగారూ, ఇటు చూడండి" అన్నాడు. నట్టనడుమ ఎండిపోయిన పసుపు మరక. కిందటి దసరాకు పెద్దమ్మగారు పెట్టిన బొట్టు. ఆ ఏడు కూడ ఎవరో తలుపు తీశారు. నా సిరా పాకుతుందన్న బెంగతో నేను విడిచిన వెడల్పాటి సందులో ఆ బొట్టు రెండు గీతలకూ తగలకుండా కూర్చున్నది. నా పనిముట్టు గొప్పది కాదు, మొద్దుది. ఆ మొద్దుతనం ఏడాదిపాటు ఈ కళ్ళంలోని వారిని కాపాడింది, మాలో ఒక్కరికీ తెలియకుండా. కాలం, శుభ్రత, ఖర్చు అని వరుసగా ఎంచినప్పుడు ఈ గుణం మా లెక్కలోనికి రానే లేదు. తెనాలిలో పొడిబల్ల మీద పెట్టి పోల్చినవాళ్ళం, ఆ బోర్డు బ్రతికే చోటికి వచ్చి పోల్చలేదు.

మళ్ళీ నిప్పు వేసే రోజున కొత్త చిక్కు వచ్చింది. బోర్డు సిద్ధం, బాయిలరు సిద్ధం. ఫైర్‌మన్ అగ్గిపుల్ల గీయడు. కొత్తగా మొదలుపెడుతున్నప్పుడు బొట్టు లేకుండా నిప్పు వేయనన్నాడు. బొట్టు పేరెత్తితే మిల్లు యజమాని మండిపడుతున్నాడు. పెద్దమ్మగారు పళ్ళెం పట్టుకొని గుమ్మంలోనే నిలిచి ఉన్నారు. నేతచీర, వంగిన నడుము. లోపలికి అడుగు పెట్టడానికి ఆవిడకు భయం వేస్తున్నదని చూడగానే తెలిసింది.

"నా చేత్తో నేనే ఇంతమంది ప్రాణాలు తీసుండేదాన్నంట కదా బాబూ" అన్నారు.

"లేదమ్మా. బొట్టులో తప్పు లేదు. పెట్టడానికి చోటు మేము ఉంచలేదు."

"మరిప్పుడు ఎక్కడ పెట్టమంటావు?"

పెట్టె తలుపు తీశాను. నా పాతబోర్డు కుడివైపు పైమూలలో గీత లేని ఖాళీ జాగా ఉన్నది. జేబులోనుంచి పెన్సిలు తీసి అక్కడ ఒక చిన్న గడి గీశాను. "ఈ గడిలోనమ్మా. దాటకుండా."

ఆవిడ వ్రేలు ఎంతసేపో ఆ గడి ముందు గాలిలో నిలిచింది. "చూపు ఆనదు బాబూ, చెయ్యి పట్టుకో" అన్నారు. పట్టుకొన్నాను. బొట్టు గడిలోనే పడింది. అటుతరువాత మా పనిశాల నుండి వెళ్ళిన ప్రతి బోర్డుమీద, టేపుతో చేసినా సిరాతో చేసినా, ఆ మూల ఒక ఖాళీ గడి ఉండేది. మద్రాసు నుండి వచ్చిన ఒక ఇంజనీరు అది దేనికని అడిగితే మా సహోద్యోగి నవ్వకుండా, "బొట్టుకండి" అన్నాడు.

ఆ రోజు బొట్టు పెట్టగానే ఫైర్‌మన్ పుల్ల గీశాడు. ఊక అంటుకొన్నది. "మీరిక్కడే కూసోవాలండి పంతులుగారూ. గీసినోళ్ళు ఎదురుగా ఉంటే నాకు ధైర్యం" అన్నాడు. గోనెసంచి మీద కూర్చున్నాను. ఆవిరి పట్టింది. గంట మోగలేదు. నీళ్ళున్నప్పటి నిశ్శబ్దమూ అదే, లేనప్పటి నిశ్శబ్దమూ అదే, చెవికి తేడా లేదు. ఫైర్‌మన్ కుళాయి విప్పి నీళ్ళు చూపించాడు. నాకు చాలలేదు. లేచి, పెట్టెకు వెలుపల ఉన్న కడ్డీ తీగను ఊడదీశాను. గంట గణగణ మోగింది. గోడ అవతల వడ్లు, గిన్నెలు, చద్దిమూటలు అన్నీ విడిచి ఆడవారందరూ రోడ్డుమీదికి పరుగెత్తారు. ముసలామెను ఇద్దరు రెక్కలు పట్టి లాక్కుపోయారు. తీగను మళ్ళీ తగిలించి బయటికి వచ్చాను.

ఫైర్‌మన్ భార్య అందరికంటె ముందు వెనుకకు వచ్చింది. పరుగులో కాలికి దెబ్బ తగిలింది, ఊపిరి అందడం లేదు.

"ఏంటండీ ఇది? ఉత్తుత్తికే మోగించారా? చెప్పి మోగించొచ్చు కదండీ. గుండెలాగిపోయినయ్ మాకు. చదువుకున్నోళ్ళు చేసే పనేనా ఇది?"

ఆమె చెప్పుకుంటూ పోయింది. మేస్త్రీని పిలిచి చెప్పింది, తన మగణ్ణి పిలిచి చెప్పింది, నా పంచెనూ నా పిలకనూ కలిపి నాలుగు మాటలన్నది. ఆమె తిడుతున్నంతసేపూ నాకు భయం వేయలేదు. తిట్టడం అయిపోయి, కాలు రుద్దుకొంటూ పోయి, ఆ వెచ్చని గోడకు వీపు ఆనించి కూర్చొన్న తరువాత, భయం మళ్ళీ మొదలయింది.